లోహ శోధకంతో పాత నాణేల వెతుకులాట: సూరత్ కోసాడ్ నుంచి ఉప్పాడ ఒడ్డు దాకా

జానెడు లోతున మట్టిలో పడివున్న నాణేన్నో ఉంగరాన్నో తవ్వకుండానే పసిగట్టే చేతి యంత్రం మెటల్ డిటెక్టర్. పార్కుల్లో, దున్నిన పొలాల్లో, సముద్రపు ఒడ్డున దీన్ని పట్టుకుని పాత నాణేలు, నగలు వెతకడం ఐరోపాలోనూ అమెరికాలోనూ వేలమందికి సెలవురోజు వ్యాపకం. మన దేశంలో ఆ పేరు వింటే ముందుగా విమానాశ్రయం గుమ్మం దగ్గరి తనిఖీయే గుర్తుకొస్తుంది. వెతుకులాట మాత్రం మనకు కొత్త కాదు. కంసాలి వీధి దుమ్మును కడిగేవాళ్ళు, తుపాను వెలిశాక ఇసుకను దువ్వేవాళ్ళు, తొలకరి పడగానే చేలల్లో వజ్రాల కోసం కళ్ళు నేలకు అంటించి తిరిగేవాళ్ళు మనకు తరాలుగా ఉన్నారు. ఈ వెతుకులాటను కొందరు పేదవాడి ఆశగా, కొందరు దొంగతనంగా చూస్తారు. ఆ రెండు చూపుల్లోనూ అసలు నష్టం కనబడదు. దొరికిన వస్తువు విలువలో పెద్దపాలు అది దొరికిన చోటుది. మన చట్టమూ మన బజారూ మాత్రం లోహానికే వెలకడతాయి. అందుకే దొరికినదాంట్లో చాలా భాగం మూసలోకి పోతోంది, చోటు జ్ఞాపకం కూడా దాంతోపాటే పోతోంది. యంత్రాన్ని మంచిదనో చెడ్డదనో తేల్చడం కంటే, చోటును రాసిపెట్టే ఏర్పాటు చేసుకోవడం ముందు జరగవలసిన పని.

ఈ మాట చెప్పడానికి సూరత్ నగరపు ఉత్తరపు అంచున ఉన్న కోసాడ్ మంచి చోటు. తపతికి ఆవలి ఒడ్డున, అమ్రోలీ పక్కన, ముంబై–అహ్మదాబాద్ రైలు మార్గం మీద ఉన్న ఈ ఊరు 2006లో సూరత్ నగరపాలక సంస్థలో కలిసింది. ఆ తర్వాతి ఏళ్ళలో, పట్టణాల బాగుకోసం కేంద్రం తెచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పథకం కింద, నది ఒడ్డు గుడిసెల్లో ఉన్న కుటుంబాలను తరలించి ఇక్కడ వేల సంఖ్యలో చిన్న ఇళ్ళు కట్టి ఇచ్చారు. పొలాలు కాలనీలయ్యాయి. పునాదులు తీశారు, గుంటలు పూడ్చారు, ఎక్కడెక్కడి మట్టో తెచ్చి పోశారు. చుట్టూ ఉన్నది తపతి మేట వేసిన ఒండ్రు, నల్లరేగడి. ఎండాకాలం నల్లరేగడి నిలువునా బీటలు వారుతుంది, వానాకాలం ఉబ్బి మూసుకుంటుంది. నిన్న జారిన రూపాయి ఆ బీటలో పడితే మూరెడు లోతుకు పోతుంది. ఇలాంటి నేలలో లోతును చూసి వయసు చెప్పడం కుదరదు. పక్కన ఏమున్నాయో, మట్టి ఏ రంగులో ఉందో, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తప్ప నాణెం ఏమీ చెప్పదు.

కోసాడ్‌కు అండగా ఉన్న సూరత్ చరిత్ర కూడా నాణేలతో అల్లుకున్నదే. 1573లో అక్బరు ముట్టడించి పట్టుకున్న ఈ రేవు, పదిహేడో శతాబ్దానికి మొగలు సామ్రాజ్యంలో అతి రద్దీ రేవుగా, పెద్ద టంకశాలల్లో ఒకటిగా ఎదిగింది. ఎర్రసముద్రం మీదుగా వచ్చిన స్పానిష్ వెండిని ఇక్కడి టంకశాలలో కరిగించి మొగలు రూపాయలుగా ముద్రించేవారు. 1612 నవంబరులో పోర్చుగీసు ఓడలతో ఇంగ్లీషువాళ్ళు తలపడిన సువాలీ రేవు నగరానికి పడమర సముద్రపు ఒడ్డున ఉంది. పెద్ద ఓడల సరుకు అక్కడ దింపి, బళ్ళమీద, పడవలమీద ఊళ్ళోకి తెచ్చేవారు. 1664 జనవరిలో ఒకసారి, 1670 అక్టోబరులో మరోసారి శివాజీ సేనలు నగరాన్ని దోచినప్పుడు విర్జీ వోరా వంటి కుబేరులు కూడా నష్టపోయారు. బ్యాంకులు లేని కాలంలో ఇంటి నేల, పెరటి చెట్టు మొదలు, గోడ గూడు ఇవే ఖజానాలు. దోపిడీ వార్త రాగానే పాతిపెట్టడం, పాతినవాడు తిరిగి రాకపోవడం అప్పటి రేవుపట్నాలు అన్నింటిలోనూ జరిగిన కథ. సూరత్ చుట్టుపక్కల మట్టి మామూలు మట్టి కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇలాంటి సూరత్‌లో మట్టిని వెతకడం ఒక వృత్తి కూడా అయింది. గుజరాత్‌లో ధూళ్‌ధోయా అనే కులవృత్తివాళ్ళు కంసాలి దుకాణాల ముందు, మురుగుకాలువల్లో పేరుకున్న దుమ్మును ఊడ్చుకుపోయి, పళ్ళెంలో కడిగి, అడుగున మిగిలిన నలుసుల నుంచి బంగారం తీస్తారు. సూరత్ జరీ పరిశ్రమది మరో దారి. వెండితీగను సన్నగా సాగదీసి, చదును చేసి, పట్టుదారం మీద చుట్టి, బంగారుపూత పూస్తే అసలు జరీ అవుతుంది. చీర చిరిగాక ఆ జరీని కాల్చి వెండి తిరిగి రాబడతారు. పాత జరీ కొంటామని మన ఊరి వీధుల్లో కేకవేసే వ్యాపారి సంచిలోకి పోయిన అంచులది కూడా ఇదే దారి. మగ్గాల పనికోసం కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి సూరత్ చేరి లింబాయత్, ఉధనా వైపు స్థిరపడిన తెలుగు పద్మశాలి కుటుంబాలకు ఈ సంగతులు కొత్త కావు. వజ్రాల బజారులోనూ ఇదే ఆశ పనిచేస్తుంది. 2023 సెప్టెంబరులో వరాఛా మినీ బజారు రోడ్డు మీద వజ్రాలు పారబోశారన్న పుకారు పుట్టి, జనం రోడ్డంతా కూర్చుని దుమ్ము దువ్వారు. దొరికినవి అమెరికన్ డైమండ్లు అని పిలిచే నకిలీ రాళ్ళు. ధూళ్‌ధోయాల పని నాకు గౌరవప్రదంగా తోస్తుంది. పారేసిన దుమ్ములో చరిత్ర పెద్దగా లేదు, ఉన్న లోహం వృథా కాలేదు. కాని అదే కన్నూ అదే మూసా నాలుగు వందల ఏళ్ళ నాణెం మీద పడినప్పుడు లెక్క మారుతుంది.

వెతికే పనిముట్టు మనకు ఏది దొరకాలో కూడా ముందే నిర్ణయిస్తుంది. రైలు వంతెన మీదికి రాగానే నదికి మొక్కి నాణెం విసరడం గోదావరి మీదే కాదు, తపతి మీద కూడా కనిపించే అలవాటు. ఆ నాణేల కోసం నదుల్లో తాడుకు అయస్కాంతం కట్టి లాగే కుర్రాళ్ళు ఉంటారు. ఆ అయస్కాంతానికి చిక్కేది ఎక్కువగా ఇటీవలి చిల్లరే. 1992 నుంచి రూపాయి బిళ్ళను అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తున్నారు. 1947లో వచ్చిన నికెల్ రూపాయి కూడా అంటుకుంటుంది. అంతకు ముందరి వెండి రూపాయి అంటుకోదు, రాగి పైసా అంటుకోదు, సీసం నాణెం అంటుకోదు. ఈస్టిండియా కంపెనీ 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి తెచ్చినప్పుడు దాని బరువు దాదాపు 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు వంతులు వెండి. 1940లో వెండిని సగానికి తగ్గించారు, 1947లో పూర్తిగా తీసేశారు. అంటే అయస్కాంతం వదిలేసిన బురదలోనే పాతకాలపు సొమ్మంతా ఉండిపోతుంది. దాన్ని పట్టగలిగేది డిటెక్టర్.

డిటెక్టర్ పనితీరు సూత్రంగా సులువైనదే. కర్ర చివర ఉన్న పళ్ళెంలో తీగచుట్ట ఉంటుంది. దానిలో వేగంగా దిశ మారే విద్యుత్తును పంపితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. నేలలోని లోహంలో ఆ క్షేత్రం వల్ల సుడి ప్రవాహాలు పుట్టి, అవి తమ సొంత క్షేత్రాన్ని వెనక్కి పంపుతాయి. దాన్ని రెండో తీగచుట్ట పసిగట్టి చెవిలో చప్పుడుగా మారుస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను కనిపెట్టడానికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇలాంటి పరికరంతోనే ప్రయత్నించాడు. పరుపు కింది ఉక్కు స్ప్రింగులు దాన్ని తప్పుదారి పట్టించాయన్నది తరచూ చెప్పే కారణం. జర్మనీ నుంచి అమెరికా వెళ్ళిన గెర్హార్డ్ ఫిషర్, విమానాల రేడియో దిక్సూచి లోహపు నేలల మీద తప్పు చూపడం గమనించి, మోసుకెళ్ళగలిగే యంత్రాన్ని తయారుచేసి 1937లో పేటెంటు పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండు ఇంజనీరు యూజెఫ్ కొసాట్‌స్కీ రూపొందించిన మందుపాతర శోధకం 1942లో ఎల్ అలమైన్ యుద్ధంలో ప్రాణాలు కాపాడింది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన ఆ యంత్రాలే పొలాల్లోకి, ఒడ్డుల మీదికి వచ్చి వినోదమయ్యాయి. నేటి మామూలు యంత్రం ఒంటరి నాణేన్ని జానెడు, కాస్త మంచిదైతే ఆపైన కొద్ది లోతులో పట్టగలదు. ఏ లోహమో పోల్చి చెప్పే శక్తి దానికి కొంతే ఉంది. సన్నని బంగారు ఉంగరం ఇచ్చే సంకేతమూ అల్యూమినియం రేకు ఇచ్చే సంకేతమూ దాదాపు ఒకటే. కోసాడ్ కాలనీ పార్కు లాంటి చోట వెతికితే చెవికి చేరేది ముందు మందుబిళ్ళల రేకులు, సీసా మూతలు, సెంట్రింగు మేకులు. పార్కుల్లో వెతకడానికి కావలసింది యంత్రం కంటే ఓపిక.

సముద్రపు ఒడ్డు మరో లోకం. ఉప్పునీటితో తడిసిన ఇసుక తానే విద్యుత్తును ప్రసరింపజేస్తుంది గనుక మామూలు యంత్రం ఊరికే అరుస్తుంది. అందుకే ఒడ్డున వెతికేవాళ్ళు ఎడతెగకుండా కాక, దెబ్బలు దెబ్బలుగా విద్యుత్తు పంపి, ఆ దెబ్బ ఆగాక మిగిలిన ప్రతిధ్వనిని వినే పల్స్ యంత్రాలు వాడతారు. సూరత్‌వాళ్ళ ఒడ్డు డుమస్ నల్ల ఇసుకకు పేరుపడ్డది. మన తీరంలో కళింగపట్నం, భీమునిపట్నం వైపు కూడా ఇల్మెనైట్, గార్నెట్‌తో పాటు మాగ్నటైట్ కలిసిన నల్ల ఇసుక పొరలు ఉన్నాయి. ఇనుప ఖనిజం కలిసిన ఆ ఇసుక యంత్రాన్ని మరింత కంగారు పెడుతుంది. ఒడ్డున మనిషి కన్నూ అలల పనీ కలిస్తే యంత్రాన్ని మించిపోతాయని కాకినాడ దగ్గరి ఉప్పాడ చూపించింది. 2020 నవంబరు చివర నివర్ తుపాను వెలిశాక అక్కడి మత్స్యకార కుటుంబాలు ఒడ్డున పూసలంత, నలుసులంత బంగారం ఏరుకున్నాయి. వెతకడానికి వాళ్ళు వాడినవి చేతులు, దువ్వెనలు. ఏళ్ళ తరబడి కోత వల్ల ఉప్పాడలో ఇళ్ళు, గుళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. ఆ ఇళ్ళలో, ఆ గుళ్ళలో ఉన్న బంగారం తిరిగి ఒడ్డుకు వస్తోందన్నది ఊరివాళ్ళూ అధికారులూ చెప్పిన వివరణ. అలలు బరువైన రేణువులను ఒక వరుసలో వేరుచేసి పెడతాయి గనుక ఆ వివరణ సబబుగానే ఉంది. అయితే వార్తలన్నీ ఎవరికి ఎంత సొమ్ము వచ్చిందన్న చోటే ఆగాయి. ఏ గజం ఒడ్డున ఏ రకం పని ఉన్న నగ ముక్క దొరికిందో రాసుంటే, మునిగిన ఊరి వీధులు ఎక్కడ ఉండేవో గీయడానికి అది ఒక పటమయ్యేది.

చోటు విలువ ఎంతటిదో చెప్పడానికి తెలుగు నేలమీద కోటిలింగాలకు మించిన సాక్ష్యం లేదు. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్న ఆ పల్లె పాటిదిబ్బ (పాత ఊరి శిథిలాల దిబ్బ) మీద వానలు కురిసినప్పుడల్లా నాణేలు బయటపడేవి. సంగనభట్ల నరహరి శర్మ వాటిని ఏరి, ఎక్కడ దొరికాయో గుర్తుపెట్టి భద్రం చేశారు. పురావస్తు శాఖ పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివి ప్రకటించారు. వాటిలో శాతవాహన వంశానికి మూలపురుషుడిగా పురాణాలు చెప్పే సిముకుడి పేరున్న నాణేలు ఉన్నాయి. గోబద, నారన, సమగోప వంటి అంతకుముందు ఏలిన రాజుల నాణేలూ అదే దిబ్బలో ఉన్నాయి. శాతవాహనులు మహారాష్ట్ర నుంచి మొదలయ్యారన్న వాదానికి ఎదురుగా తెలంగాణ నడిబొడ్డు నుంచి గట్టి ఆధారం నిలబడింది. ఆ నాణేల లోహాన్ని తూకం వేస్తే వచ్చేది చిల్లర డబ్బులు. అవే నాణేలు ఏ ముంబై వేలంలోనో ఊరూ పేరూ లేకుండా కనిపించి ఉంటే సిముకుడి పేరు చదవగలిగేవాళ్ళం, అది కోటిలింగాలలో, వాళ్ళ ముందరి రాజుల నాణేల పక్కన ఉందన్న సంగతి మాత్రం ఎప్పటికీ తెలిసేది కాదు. వాదనను తిప్పింది ఆ సంగతే. ఆ దిబ్బమీద జరిగిన ప్రభుత్వ తవ్వకాలకు కూడా దారి చూపింది ముందుగా ఏరిన ఆ చిల్లరే. నిపుణుడు కానివాడి చేతికి దొరికినా, చోటు గుర్తుంటే అది శాస్త్రానికి పనికొస్తుందనడానికి ఇదే నిదర్శనం.

కుండ మొత్తం చెదరకుండా ఉండడం చోటంత ముఖ్యం. 1906లో నాసిక్ దగ్గరి జోగల్‌తంబిలో దొరికిన కుండలో 13,250 వెండి నాణేలు ఉన్నాయి. అన్నీ క్షత్రప రాజు నహపానుడివి, వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలు మళ్ళీ కొట్టించాడు. ఓడించిన రాజు సొమ్మును ఎంత పెద్ద ఎత్తున తనదిగా మార్చుకున్నాడో ఆ నిష్పత్తి చెబుతుంది. కుండలోంచి నాలుగు గుప్పిళ్ళు బజారుకు పోయి ఉంటే అది ఒక రాజు గెలిచాడన్న మాటగా మిగిలేది, ఎంతగా గెలిచాడన్న లెక్క పోయేది. అమరావతిలో దొరికిన 7,668 విద్ధాంక (అచ్చు గుర్తులు కొట్టిన) నాణేల రాశిని పి.ఎల్. గుప్తా ఒక్కొక్కటిగా పరిశీలించి 1963లో హైదరాబాదు నుంచి గ్రంథంగా వెలువరించగలిగారంటే, రాశి చెదరకుండా చేతికి రావడమే కారణం. దీనికి ఎదురు ఉదాహరణ 1946లో రాజస్థాన్‌లోని బయానా దగ్గర దొరికిన గుప్తుల బంగారు నాణేల రాశి. దాదాపు 2,100 నాణేల్లో 1,821 దక్కాయి, మిగిలినవి కరిగిపోయాయి లేదా చేతులు మారాయి. దక్కినవాటిలోనే అప్పటిదాకా తెలియని రకాలు ఎన్నో బయటపడ్డాయి. కరిగిపోయినవాటిలో ఏమున్నాయో ఇక ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి తలచుకున్నప్పుడు దొరికినవాడి మీద నాకు కోపం రాదు. అతని ముందు మనం పెట్టిన దారి ఏమిటన్న ప్రశ్న వస్తుంది.

ఆ దారి పేరు 1878 నాటి భారత నిక్షేపాల చట్టం. నేలలో దాగివున్న విలువగల వస్తువు ఏదైనా ఆ చట్టం దృష్టిలో నిక్షేపమే. విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి, వస్తువును ఖజానాలో జమ చెయ్యాలి లేదా పూచీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన వేసి, నాలుగు నెలలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా గడువు పెట్టి హక్కుదారులను పిలుస్తాడు. పాతినవాళ్ళ వారసులెవరూ తేలకపోతే, స్థలం యజమాని ఉన్నచోట ముందుగా ఒప్పందం ఏదీ లేకుంటే, దొరికినవాడికి ముప్పాతిక, యజమానికి పాతిక. ప్రభుత్వం తనకు కావాలనుకుంటే లోహపు వెల, దానిమీద అయిదోవంతు అదనంగా ఇచ్చి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచినవాడు తన వాటా పోగొట్టుకుంటాడు, ఏడాది దాకా జైలు కూడా ఉంది. దీనికి తోడు 1972 నాటి పురావస్తువుల చట్టం, నూరేళ్ళు దాటిన వస్తువుల అమ్మకానికి లైసెన్సు ఉండాలంటుంది, దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది. 1958 చట్టం ప్రకారం రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేని తవ్వకం నేరం. 2010 సవరణ ఆ కట్టడం చుట్టూ నూరు మీటర్ల మేర నిర్మాణాలను కూడా నిషేధించింది.

కాగితం మీద చూస్తే 1878 చట్టం దొరికినవాడి పట్ల దయగానే ఉంది, ముప్పాతిక తక్కువేమీ కాదు. దాని లోపం వెలకట్టే తీరులో ఉంది. సూరత్ టంకశాలలో అచ్చయిన ఔరంగజేబు రూపాయికి ఆ చట్టం కట్టే ధర దాదాపు పదకొండున్నర గ్రాముల వెండి ధరా, పైన అయిదోవంతూ. బజారులో వెండి వ్యాపారి వెండి ధర ఇప్పుడే, ఏ ప్రశ్నా లేకుండా చేతిలో పెడతాడు. ఆ అయిదోవంతు కోసం కూలిపని మానుకుని, కలెక్టరు కార్యాలయం మెట్లెక్కి, ఆరు నెలలు ఎదురుచూడమని కోసాడ్ కాలనీలోని కార్మికుడికి ఎవరు చెప్పగలరు? చట్టమూ మూసా ఒకే తక్కెడ వాడుతున్నాయి, మూస తొందరగా తూస్తుంది, అంతే తేడా. పైగా పది రూపాయల గీటు కోటిలింగాల లాంటి సీసపు నాణేల పట్ల చట్టం కళ్ళు మూసుకునేలా చేస్తుంది. చరిత్రకు అతి విలువైనవి అవే.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ ముడిని విప్పిన పద్ధతి పరిశీలించదగ్గది. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం నిక్షేపమని తోచినదాన్ని పద్నాలుగు రోజుల్లో తెలపాలి. మ్యూజియం దాన్ని తీసుకోదలిస్తే స్వతంత్ర సంఘం బజారు వెల నిర్ణయిస్తుంది, మామూలుగా దాన్ని దొరికినవాడూ స్థలం యజమానీ చెరిసగం పంచుకుంటారు. 1997లో మొదలైన మరో ఏర్పాటు నిక్షేపం కాని మామూలు నాణేలను, గుండీలను, కట్టుముళ్ళను కూడా దొరికిన చోటుతో సహా నమోదు చేస్తుంది, వస్తువును తిరిగి దొరికినవాడికే ఇచ్చేస్తుంది. అలా చేరిన నమోదులు పది లక్షలు దాటాయి, అత్యధికం డిటెక్టర్లు పట్టుకున్న సామాన్యులవే. 2010లో ఫ్రోమ్ దగ్గర ఒక ఆసుపత్రి వంటవాడు కుండ తగలగానే తవ్వడం ఆపి నిపుణులను పిలిచాడు. లెక్కపెడితే 52,503 రోమన్ నాణేలు తేలాయి, ఏ పొరలో ఏ నాణెం ఉందో కూడా తెలిసింది. ఆ ఏర్పాటు దొంగలను మాయం చెయ్యలేదు. 2015లో హియర్‌ఫర్డ్‌షైర్‌లో వైకింగ్ కాలపు రాశిని దాచి అమ్ముకున్న ఇద్దరికి 2019లో కఠిన జైలుశిక్షలు పడ్డాయి, దాదాపు మూడు వందల నాణేల్లో తిరిగి దక్కినవి కొన్ని పదులే. నిజాయితీపరుడికి తేలికైన దారి ఉన్నప్పుడు దొంగను శిక్షించడానికి సమాజానికి నైతిక బలం ఉంటుందన్నదే ఇక్కడ గమనించాల్సింది.

ఇలాంటి ఏర్పాటు మన దగ్గరా తేవాలంటే వచ్చే మొదటి అభ్యంతరం చిన్నది కాదు. మన ఊళ్ళలో గుప్తనిధుల ముఠాలు నందులను పగలగొడుతున్నాయి, గర్భగుడి పునాదులు తవ్వుతున్నాయి, ఇంకా యంత్రాలకు తలుపు తెరిస్తే ఏమవుతుందంటారు. ఐర్లండ్ 1987లో అనుమతి లేకుండా పురావస్తువుల కోసం డిటెక్టర్ వాడడాన్నే నిషేధించింది గదా అంటారు. ఆ భయం న్యాయమైనదే. అయితే మన ముఠాలను నడిపేది యంత్రం కంటే లంకెబిందెల మీది మూఢనమ్మకం. దానికి ప్రభుత్వాలే గౌరవం కట్టబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2012లో హైదరాబాదు విద్యారణ్య పాఠశాల ఆవరణలో నిజాం నిధి కోసం, 2013లో ఉన్నావ్ జిల్లా డౌండియాఖేడాలో ఒక సాధువు కల ఆధారంగా వెయ్యి టన్నుల బంగారం కోసం, 2017లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధి కోసం అధికారికంగానే తవ్వారు. ఎక్కడా నిధి రాలేదు. కోటను తవ్వితే సొమ్ము వస్తుందని ప్రభుత్వమే నమ్మితే, గుడిని తవ్వేవాడిని మందలించడానికి ఏ నోరు ఉంటుంది? కావలసింది చోట్ల మధ్య గీత గీయడం. కదలని పాటిదిబ్బ, గుడి, కోట, బౌద్ధ స్తూపం ఉన్న చోట యంత్రమే కాదు, పార కూడా వెళ్ళకూడదు. అక్కడ శిక్షలు ఇప్పటికంటే గట్టిగా ఉండాలి. దున్ని దున్ని కలిసిపోయిన పైమట్టి, పూడిక నేల, అలలు కలగలిపిన ఒడ్డు వేరు. అక్కడ వస్తువు ఎలాగూ పొర తప్పింది, దాన్ని ఎవరూ తియ్యకపోతే తుప్పో జేసీబీయో తీసుకుపోతుంది.

మరి పొర తప్పిన మట్టిలో చోటు రాసుకుని లాభమేమిటి, కోసాడ్ పార్కులో దొరికిన నాణెం ఏ లారీలో వచ్చిందో ఎవరికి తెలుసునని రెండో అభ్యంతరం. దీనికి జవాబు మన రైతుల అలవాటులోనే ఉంది. ధూళికట్ట, పెద్దబంకూరు వంటి పాటిదిబ్బల మట్టిని బలమైన ఎరువని పొలాలకు తోలుకోవడం తెలుగు పల్లెల్లో పాత పద్ధతి. చేలో శాతవాహనుల నాణెం దొరికితే, ఏ దిబ్బ నుంచి మట్టి తోలారో రైతు చెప్పగలడు, అది చాలు. నగరంలో పూడిక మట్టికి కాంట్రాక్టరు ఉంటాడు, బిల్లు ఉంటుంది. తపతి గట్టున ఏ చెరువు పూడికో, ఏ పునాది మట్టో వెతికి పట్టుకోవచ్చు. పూర్తి సాక్ష్యం కాకపోయినా అది దారి చూపే సాక్ష్యం. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో సూరత్ మునిగినప్పుడు వరద మేట వేసిన బురదకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

పేదవాడి కడుపు ముందు చరిత్ర పాఠం ఎందుకన్నది మూడో అభ్యంతరం, నా మనసుకు దగ్గరైనది. ఉప్పాడలో వలలు ఎండగట్టుకుని ఇసుకలో కూర్చున్న మనిషికి ఆ పూట దొరికిన నలుసే బియ్యం. తొలకరిలో తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలకోసం తిరిగే కూలీలదీ అదే పరిస్థితి. అందుకనే నమోదు అనేది స్వాధీనం కాకూడదు. వస్తువు అతని దగ్గరే ఉండగా ఫొటో తీసి, బరువు చూసి, చోటు గుర్తించి, ఆ రోజే ఒక చీటీ ఇవ్వగలిగితే చరిత్రకు కావలసింది దాదాపుగా దక్కినట్టే. మ్యూజియానికి కావాల్సింది అయితే బజారు వెల చెల్లించాలి, అదీ వారాల్లో. పనిని కలెక్టరేటులోనే ఉంచనక్కర్లేదు, జిల్లా మ్యూజియమో దగ్గరి కాలేజీ చరిత్ర శాఖో చెయ్యగలదు. పది రూపాయల గీటును తీసేసి, లోహానికి కాక వయసుకు ముడిపెట్టాలి.

నిన్నమొన్న పోయిన నగల సంగతి పూర్తిగా వేరు. పార్కులో, పుష్కరఘాటులో, డుమస్ ఒడ్డున దొరికిన గొలుసు నిక్షేపం కాదు, ఎవరో ఒకరి సొత్తు. 1872 కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను దొరికిన వస్తువును తన దగ్గర ఉంచుకున్నవాడిపై, అప్పగించిన వస్తువును కాపాడేవాడి బాధ్యతనే పెడుతుంది. యజమానిని వెతకడానికి తగిన ప్రయత్నం చెయ్యకుండా వాడుకుంటే అది నేరం, భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కిందికి వస్తుంది. యజమాని బహుమానం ప్రకటించి ఉంటే దాన్ని అడిగే హక్కు, అది అందేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు దొరికినవాడికి ఉన్నాయి. ఉంగరం పోయినవాళ్ళ పిలుపుమీద వెళ్ళి వెతికిపెట్టే డిటెక్టర్ బృందాలు పాశ్చాత్య దేశాల్లో ఉన్నాయి. సూరత్‌లో అలాంటి పని చేపట్టదలచినవాళ్ళకు పార్కు అయితే నగరపాలక సంస్థ తోటల విభాగం నుంచి ముందస్తు అనుమతి కావాలి, తీసిన గుంటను పచ్చికతో సహా పూడ్చాలి. గుంటలో నూరేళ్ళు దాటినదేదైనా తగిలితే మాత్రం అక్కడే ఆగి, ఫొటో తీసి, కలెక్టరు కార్యాలయానికి రాయాలి. ఆ ఉత్తరంలో రాయాల్సినవి వస్తువు ఎలాంటిది, దాదాపు ఎంత విలువ, ఎక్కడ, ఏ తేదీన దొరికింది అన్నవే, 1878 చట్టం అడిగేది కూడా ఇంతే. కోసాడ్‌లోనైతే ఆ మట్టి ఎక్కడి నుంచి తెచ్చి పోసినదో కూడా ఒక వాక్యం కలిపి రాయాలి.